జిప్సీకి చలిజ్వరం

ఆత్మకూరు దాటి కొంచెం ముందుకు పోతే ములుగు రోడ్డు మీద ఒక కల్వర్టు వస్తుంది. రోడ్డూ కల్వర్టూ కలిసే చోట తారు కుంగి అంగుళం ఎత్తున చిన్న మెట్టులా తయారైంది. మామూలు కారైతే టక్కుమని ఒక చప్పుడు చేసి దాటేస్తుంది. పోయిన నవంబరులో ఒక ఆదివారం పొద్దున హనుమకొండ నుంచి తాడ్వాయి వైపు వెళ్తూ, డెబ్భై స్పీడు మీద ఉన్న మా మారుతి జిప్సీ ఆ మెట్టెక్కింది. ఆ తర్వాతి పదిహేను సెకన్లు ఇప్పటికీ నాకు కలలోకి వస్తున్నాయి.

స్టీరింగ్‌ను ఎవరో నా చేతుల్లోంచి లాక్కుంటున్నట్టు కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. రెండు చేతులతో బిగించి పట్టుకున్నా భుజాల దాకా ఊపేస్తోంది. స్పీడోమీటర్ అంకెలు కనపడట్లేదు. డాష్‌బోర్డు మీది ఫోను ఎగిరి మా ఆవిడ కాళ్ల దగ్గర పడింది. వెనక సీట్లో మా చిన్నది కడ్డీ పట్టుకుని ఏడవడం కూడా మర్చిపోయింది. కంగారులో బ్రేకు గట్టిగా తొక్కాను. బరువంతా ముందు చక్రాల మీదికి వచ్చి ఊపు ఇంకా పెరిగింది, బండి మట్టి అంచు వైపు లాగింది. బ్రేకు వదిలి, యాక్సిలేటర్ జోలికి పోకుండా, బ్రేకునే మెల్లమెల్లగా అద్దుతూ వచ్చాను. ముప్పై లోపుకి వచ్చాక ఒక్కసారిగా ఆగిపోయింది, అసలేమీ జరగనట్టు.

వేపచెట్టు కింద బండి ఆపి అందరం దిగాం. నా బొటనవేలు స్టీరింగ్ పుల్లకు తగిలి అప్పటికే వాచింది. మా చిన్నది బానెట్ మీద చెయ్యి వేసి అడిగింది: "డాడీ, బండికి చలిజ్వరం వచ్చిందా?"

పోయిన వానాకాలం దానికి జ్వరం వచ్చినప్పుడు రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. అదే గుర్తొచ్చినట్టుంది. నేను ఆ రోజు జవాబు చెప్పలేదు కానీ, తర్వాత మూడు నెలలు ఈ జబ్బు వెంట తిరిగాక ఆ మాట ఎంత సరిగ్గా సరిపోయిందో తెలిసింది. చలి వణుకు ఒక లక్షణం. దాని మీద దుప్పటి కప్పితే జ్వరం తగ్గదు. నేను మాత్రం మొదట దుప్పట్లే కప్పాను.

ముందు బండి సంగతి చెప్పాలి. 2011 మోడల్ జిప్సీ, పెట్రోలు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మా అత్తగారి ఊరు తాడ్వాయి అవతల, అడవిలోకి. వానాకాలంలో మధ్యలో ఒక వాగు దాటాలి. దాని కోసమే రెండేళ్ల కింద బండి ఎత్తు పెంచాను. నాలుగు మూలలా అసలు వాటికంటే రెండంగుళాలు పొడుగున్న షాకిల్స్ (కమాన్, అంటే లీఫ్ స్ప్రింగ్, కొసని ఛాసిస్‌కి తగిలించే ఇనుప పట్టీలు) వేయించాను. కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైర్లు తీసేసి 235/75 ఆర్15 టైర్లు ఎక్కించాను. పాత టైరు వ్యాసం 67 సెంటీమీటర్ల లోపు, కొత్తది 73కి పైన. బరువు కూడా బాగా ఎక్కువ. చూడ్డానికి బండి పులిలా ఉంది. వేసిన షాపులో ఎవరూ కోణాలు కొలవలేదు. కొలవాలని నాకూ తెలియదు, నేనూ అడగలేదు.

జిప్సీ గురించి తెలియని వాళ్లకు ఒక మాట. ఇప్పటి కార్లలో ముందు చక్రాలు దేనికవే విడివిడిగా పైకీ కిందికీ ఆడతాయి. జిప్సీలో, పాత మహీంద్రా జీపుల్లో, ముందు కూడా లారీకి ఉన్నట్టు ఒకే ఇనుప యాక్సిల్ ఉంటుంది, కింద కమాన్ పట్టీలు. ఒక చక్రం గుంతలో పడితే యాక్సిల్ మొత్తం ఒరుగుతుంది, రెండో చక్రం కూడా దాంతో పాటు ఒరుగుతుంది. బొంగరం ఆడినవాళ్లకు తెలుసు: జోరుగా తిరిగే బొంగరాన్ని ఒక పక్కకు నెడితే అది ఆ పక్కకు పడకుండా ఇంకో దిక్కుకు తిరుగుతుంది. తిరిగే చక్రం కూడా అంతే. ఒరిగిస్తే అది తనంతట తాను కుడికో ఎడమకో మళ్లుతుంది. అటు మళ్లిన చక్రాన్ని రోడ్డు మళ్లీ ఇటు నెడుతుంది. అన్నీ బిగుతుగా ఉంటే ఒకటి రెండు ఊపుల్లో ఇది సద్దుమణుగుతుంది. ఎక్కడో వదులు ఉంటే ప్రతి ఊపుకీ బండి వేగం నుంచే కొంచెం శక్తి తీసుకుని పెరుగుతూ పోతుంది. టైరు ఎంత బరువైతే బొంగరం అంత గట్టిది.

ఇక నేను కప్పిన దుప్పట్లు.

మొదటిది వీల్ బ్యాలెన్సింగ్. హనుమకొండలో ఒక అలైన్‌మెంట్ షాపుకి తీసుకెళ్తే నాలుగు చక్రాలకూ సీసం ముక్కలు కొట్టి, టో (ముందు చక్రాలు ఒకదాని వైపు ఒకటి ఎంత తిరిగి ఉన్నాయన్న కొలత) సరిచేసి, "అయిపోయింది సార్" అన్నారు. మూడు రోజులు బాగానే ఉంది. అసలు ఆ రోజే కొంచెం ఆలోచించి ఉంటే బ్యాలెన్సింగ్ జబ్బు కాదని తెలిసేది. లెక్క చూడండి. నా టైరు ఒక చుట్టు తిరిగితే సుమారు 2.3 మీటర్లు. డెబ్భై స్పీడు అంటే సెకనుకు 19 మీటర్ల చిల్లర. అంటే చక్రం సెకనుకు ఎనిమిది చుట్లు తిరుగుతోంది. బ్యాలెన్స్ తప్పిన చక్రం చుట్టుకొక్కసారి అదురుతుంది, కాబట్టి ఆ అదురు స్పీడుని పట్టుకుని ఉంటుంది. డెబ్భైలో వస్తే అరవైలో తగ్గాలి, యాభైలో పోవాలి. గుంత లేకపోయినా రావాలి. నాకొచ్చింది అలా లేదు. మెట్టు తగిలితేనే మొదలైంది, మొదలయ్యాక డెబ్భై నుంచి ముప్పై దాకా వదల్లేదు. ఈ ఒక్క తేడా గుర్తు పెట్టుకుంటే మీకు సగం ఖర్చు మిగులుతుంది.

రెండో దుప్పటి స్టీరింగ్ డ్యాంపర్. అది షాక్ అబ్జార్బర్ లాంటిదే, అడ్డంగా పడుకుని స్టీరింగ్ ఊపుని ఆపుతుంది. నెట్‌లో చదివి, కొత్తది గట్టిది తెప్పించి, ఇంకో షెడ్డులో బిగించాను. ఒక నెల హాయిగా గడిచింది. నయమైపోయిందనే అనుకున్నాను. తర్వాత జాకారం దగ్గర, ఈసారి ఎనభై మీద, మళ్లీ వచ్చింది. మొదటిసారి కంటే ఘోరంగా. డ్యాంపర్ లేకపోతే ఏ యాభైలోనో చిన్నగా వణికి హెచ్చరించేదేమో. ఆ హెచ్చరికని డ్యాంపర్ నోరు మూయించింది, లోపల అరుగుదల పెరుగుతూ పోయింది. ఆ రోజు బండిలో నేనొక్కణ్నే ఉన్నాను, అది నా అదృష్టం.

అప్పుడు బాపుకి చెప్పాను. అంతదాకా ఇంట్లో భయపడతారని దాచాను.

మా బాపు కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాడు. మొత్తం విన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "అరేయ్, గుంతల పడితే బండి ఊగుతది. ఊగుడు తప్పు గాదు. ఆగకపోవుడు తప్పు. గుంత ఎక్కడున్నదని చూస్తున్నవ్ నువ్వు. ఎవడు ఆగనిస్తలేడో చూడు."

తర్వాత రైలు సంగతి చెప్పాడు. రైలు చక్రం పట్టా మీద ఆనే చోటు చదునుగా ఉండదట, ఇరవైకి ఒకటి లెక్కన వాలు ఉంటుందట. ఆ వాలు వల్లే చక్రాల జత తనంతట తాను పట్టాల నడిమికి వస్తుంది. అయితే ఒక స్పీడు దాటాక అదే వాలు బోగీని పాములా అటూ ఇటూ ఊపుతుంది. షెడ్డులో దాన్ని హంటింగ్ అంటారు. కొత్త ఎల్‌హెచ్‌బీ బోగీలకు ఈ ఊపు తగ్గించడానికి డ్యాంపర్లు ఉంటాయి. "డ్యాంపర్ ఉన్నది గదా అని అరిగిన చక్రాన్ని ఇడిశిపెట్టరు. లేత్ మీద ఎక్కించి మల్ల తిప్పుతరు" అన్నాడు. నా డ్యాంపర్ ముచ్చట ఆ ఒక్క మాటతో తేలిపోయింది.

మరుసటి ఆదివారం కాజీపేటలో మా ఇంటి ముందే పని పెట్టుకున్నాం. వాకిట్లో రెండు గోనెసంచులు పరిచాను. బాపు స్టూలు వేసుకుని టార్చిలైటు పట్టుకున్నాడు. స్టీరింగ్ దగ్గర మా ఆవిడ కూర్చుంది. మొట్టమొదట డ్యాంపర్ ఊడదీయించాడు బాపు. అది ఉంటే ఏ వదులూ తెలియదు.

మొదటి పరీక్షకు జాకీ ఎక్కించకూడదు. బండి బరువు చక్రాల మీదే ఉండాలి. స్టీరింగ్‌ని గడియారంలో పదకొండు నుంచి ఒంటిగంట దాకా, అంతే, గబగబా అటూ ఇటూ ఆడించాలి. చక్రం తిరగకూడదు, తిరగబోయి ఆగాలి. ఆ ఆటలో కింద ఏది ముందు కదులుతోంది, ఏది ఆలస్యంగా కదులుతోందో చూడాలి. కళ్లు మోసం చేస్తాయి, వేళ్లతో చూడాలి. ప్రతి జాయింట్ మీద ఈ పక్క ముక్కా ఆ పక్క ముక్కా కలిపి బొటనవేలూ చూపుడువేలూ ఆనించి ఉంచితే, వెంట్రుకవాసి తేడా ఉన్నా టిక్కుమని తెలుస్తుంది.

పై నుంచి మొదలుపెట్టాను. స్టీరింగ్ బాక్సుని ఛాసిస్‌కి పట్టే బోల్టులు గట్టిగానే ఉన్నాయి, చుట్టుపక్కల ఇనుములో పగులు లేదు. పాత జీపుల్లో అక్కడ పగులు బాగా వస్తుంది, తప్పక చూడండి. ఆ బాక్సు నుంచి బయటికొచ్చే చెయ్యి, పిట్‌మన్ ఆర్మ్, బాగుంది. అక్కణ్నుంచి చక్రం వైపు వెళ్లే డ్రాగ్ లింక్ చివర రబ్బరు టోపీ చిరిగి ఉంది, వేలు పెట్టగానే టిక్ టిక్ టిక్. ఒకటి దొరికింది. రెండు చక్రాలను కలిపే టై రాడ్ ఎండ్లు రెండూ బిగుతుగానే ఉన్నాయి. "దొరికింది బాపూ" అని లేవబోయాను. "పండు. అయిపోలే" అన్నాడు.

నిజమే, అయిపోలేదు. ఎడమ కమాను వెనక కొస దగ్గర బుష్, అంటే రబ్బరు తొడుగు, ఉంటుంది. టార్చి అక్కడ పడేసరికి, మా ఆవిడ స్టీరింగ్ ఆడించినప్పుడల్లా కమాను కన్ను (కొసలో బోల్టు దూరే రింగు) బోల్టు చుట్టూ వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరగడం కనపడింది. రబ్బరు ఒక పక్కకి అణిగి రంధ్రం గుండ్రంగా కాకుండా చింతగింజలా తయారైంది. అంటే స్టీరింగ్ జాయింట్లే కాదు, యాక్సిల్ మొత్తం బండి కింద మెదులుతోంది.

అప్పుడు యాక్సిల్ కింద జాకీ పెట్టి ఎడమ చక్రం లేపాను. పైనొక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి చక్రాన్ని లోపలికీ బయటికీ ఆడిస్తే డబ్ డబ్మని శబ్దం వచ్చింది. ఇది వీల్ బేరింగ్ కావచ్చు, కింగ్‌పిన్ బేరింగ్ కావచ్చు. కింగ్‌పిన్ అంటే చక్రం కుడికీ ఎడమకీ మళ్లేటప్పుడు ఆధారంగా ఉండే నిలువు ఇరుసు. రెండూ ఒకేలా ఆడతాయి. ఏదో తేల్చడానికి బాపు చెప్పిన ఉపాయం నాకు భలే నచ్చింది. మా ఆవిణ్ని బ్రేకు తొక్కి పట్టమన్నాడు. బ్రేకు పట్టినప్పుడు చక్రం, నకుల్ (చక్రాన్ని మోస్తూ కింగ్‌పిన్ మీద తిరిగే ముక్క) ఒకే ముక్క అయిపోతాయి, వీల్ బేరింగ్ వదులు లెక్కలోకి రాదు. బ్రేకు తొక్కాక వదులు మాయమైతే అది వీల్ బేరింగ్. తొక్కినా ఉంటే కింగ్‌పిన్. ఎడమ పక్క తొక్కినా ఉంది. కుడి పక్క కొంచెమే ఉంది, తొక్కగానే పోయింది. ఒక్క పెడల్‌తో రెండు చక్రాలకు రెండు వేర్వేరు జబ్బులు తేలాయి.

అక్కడితో నా పనిముట్లు అయిపోయాయి. ఆటోనగర్‌లో ఒక పాత ఉస్తాద్ ఉన్నాడు. ఎప్పటి నుంచో జీపులు, జిప్సీలు చేస్తాడు. యాభై స్పీడు దాటకుండా ఆయన షెడ్డుకి తోలుకెళ్లాను. మేం రాసుకొచ్చిన కాగితం చూసి, "ఇంత రాసుకొచ్చినోడు నాకు ఎప్పుడు తగల్లేదు తమ్మీ" అని వెంటనే పానా అందుకున్నాడు.

టై రాడ్ ఎండ్ విడదీసి ఎడమ నకుల్‌ని చేత్తో తిప్పమన్నాడు. కుడికీ ఎడమకీ మెత్తగా తిరుగుతోంది, సరిగ్గా నడిమికి రాగానే గాడిలో పడ్డట్టు టక్కున ఆగుతోంది. బండి తొంభై శాతం దూరం సూటిగానే పోతుంది కదా. అదే చోట రోలర్లు గుద్దుకుని గుద్దుకుని గాడి పెట్టాయి. నకుల్ విప్పి కింది బేరింగ్ బయటికి తీసేసరికి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. గ్రీజు రంగు చాయ్ రంగు. వేలితో నలిపితే నీళ్లూ ఇసుకా తగులుతున్నాయి. దాన్ని పెట్రోలుతో కడిగి, బేరింగ్ కప్పుని ఎండలో తిప్పి చూస్తే లోపలి అంచు చుట్టూ సన్నని గీతలు, ఒక్కో రోలరుకీ ఒక్కో గీత, గోరుతో నొక్కినట్టు వరుసగా. గోరు పెట్టి రాస్తే గరగరా తగిలింది. కొన్ని గీతల్లో తుప్పు ఎర్రగా పట్టి ఉంది.

నీళ్లు ఎలా వచ్చాయో చెప్పక్కర్లేదు. ఏ వాగు దాటడానికి బండి ఎత్తు పెంచానో ఆ వాగు నీళ్లే. ఎత్తు పెరిగిందన్న ధైర్యంతో రెండు వానాకాలాలు మోకాలి లోతు నీళ్లలో దింపాను. బాడీ ఎత్తు పెరిగింది కానీ యాక్సిల్ ఎత్తు టైరు పెరిగినంతే పెరిగింది, అంటే మూడు సెంటీమీటర్లు. నకుల్ వెనక ఉండే రబ్బరు సీలు, ఫెల్టు ముక్క అరిగిపోయాయి, నీళ్లు లోపలికి పోయాయి. వాగు దాటిన వారంలోపు నకుల్ గ్రీజు చూసుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. వాగులు దాటే జిప్సీ ఉన్నవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. వానాకాలం అయిపోగానే గ్రీజు ఒకసారి తీసి రంగు చూడండి.

వదులన్నీ దొరికాయి. అయినా బాపు ప్రశ్న మిగిలే ఉంది. వదులుంటే ఊపు పుడుతుంది, సరే. స్టీరింగ్‌ని నడిమికి తెచ్చి నిలబెట్టాల్సిన శక్తి ఏమైంది?

దాని పేరు కాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు చూడండి, నిటారుగా ఉండదు, పై కొస వెనక్కి వాలి ఉంటుంది. అందుకే చేతులు వదిలినా సైకిల్ కాసేపు సూటిగా పోతుంది. జిప్సీ కింగ్‌పిన్లు కూడా అలాగే పైభాగం వెనక్కి, సుమారు మూడున్నర డిగ్రీలు వాలి ఉండాలి. జిప్సీ ముందు కమాను వెనక కొస ఛాసిస్‌కి నేరుగా బిగించి ఉంటుంది, ముందు కొస షాకిల్‌కి ఉంటుంది. నేను రెండంగుళాలు పొడుగున్న షాకిల్ వేయగానే ముందు కొస ఒక్కటే రెండంగుళాలు కిందికి దిగింది. కమాను ముందుకు వంగింది, దాని మీద కూర్చున్న యాక్సిల్ కూడా ముందుకు వంగింది. వెనక్కి వాలాల్సిన కింగ్‌పిన్ నిటారైంది.

ఎంత? కమాను కన్ను నుంచి కన్నుకి టేపు పెడితే ముప్పై అయిదు అంగుళాలు వచ్చింది. రెండుని ముప్పై అయిదుతో భాగించి 57తో గుణిస్తే మూడు డిగ్రీల చిల్లర. మూడున్నరలో మూడు పోతే మిగిలేది ఏముంది? ఉస్తాద్ దగ్గరున్న అయస్కాంతం కోణమాపిని కింగ్‌పిన్ మూత మీద పెట్టి చూస్తే అర డిగ్రీ కూడా లేదు. ఇంకో విషయం కూడా చూడండి, షాకిల్ ఒక కొసనే ఉంది కాబట్టి రెండంగుళాల షాకిల్‌తో నడిమి యాక్సిల్ దగ్గర బండికి వచ్చిన ఎత్తు ఒక్క అంగుళమే. ఆ ఒక్క అంగుళం కోసం కాస్టర్ మొత్తం ఇచ్చేశాను.

దీనికి రెండు దార్లు ఉన్నాయి. ఒకటి, యాక్సిల్‌కీ కమానుకీ మధ్య మూడు డిగ్రీల ఇనుప చీలిక పెట్టడం. జిప్సీలో కమాను యాక్సిల్ కింద ఉంటుంది కాబట్టి చీలిక మందంగా ఉన్న పక్క ముందుకు రావాలి. తిప్పి పెడితే ఉన్న జబ్బు రెట్టింపవుతుంది. అల్యూమినియం చీలికలు నలిగిపోతాయి, ఇనుపవే కావాలి. కాస్టర్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని కూడా అనుకోవద్దు. మరీ ఎక్కువైనా ఊపు పెరుగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. రెండో దారి, పొడుగు షాకిల్స్ పీకేసి పాతవి పెట్టడం.

నేను పీకేశాను. ఉస్తాద్ చీలికలతో సరిపోతుందన్నాడు, సరిపోయేదే. కానీ నా మనసు ఒప్పుకోలేదు. పైగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ రూపకల్పనకు విరుద్ధంగా బండిని మార్చకూడదని తీర్పు ఇచ్చిన సంగతి ఈ వెతుకులాటలోనే చదివాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద వచ్చిన తీర్పు అది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఏం సమాధానం చెప్పుకోను? 235 టైర్లు కూడా ఒక మిత్రుడి పాత జీపుకి ఇచ్చేసి, పాత కొలత టైర్లే మళ్లీ కొన్నాను.

బిగింపు పనికి రెండు రోజులు పట్టింది. రెండు పక్కలా కలిపి నాలుగు కింగ్‌పిన్ బేరింగులు, సీళ్లు, ఫెల్టులు, డ్రాగ్ లింక్ ఎండ్, కుడి వీల్ బేరింగ్, ముందు కమాన్ల బుష్‌లన్నీ కొత్తవి. ఇక్కడ ఉస్తాద్ పనితనం గురించి చెప్పాలి. కింగ్‌పిన్ కింద సన్నని షిమ్ రేకులు ఉంటాయి. రేకులు తగ్గిస్తే బేరింగ్ మీద బిగుతు పెరుగుతుంది. చాలా షెడ్లలో చేత్తో తిప్పి చూసి "చాల్లే" అంటారు. ఈయన టై రాడ్ తగిలించే రంధ్రానికి స్ప్రింగ్ కాటా కొక్కెం వేసి, నకుల్ కదలడం మొదలయ్యే క్షణంలో కాటా ముల్లు ఎక్కడుందో చూస్తాడు. మాన్యువల్‌లో చెప్పిన అంకె వచ్చేదాకా ఒక్కో రేకు తీస్తూ పెడుతూ ఎడమ పక్కకే గంటన్నర పట్టింది. బుష్ బోల్టులు కూడా బండిని జాకీ మీంచి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇచ్చాడు. గాలిలో ఉండగా బిగిస్తే బండి దిగగానే రబ్బరు మెలి పడుతుంది, ఏడాదిలో మళ్లీ చింతగింజే.

టో మేమే కొలిచాం. టైరు నడిమిన సుద్దముక్కతో గీత గీసి, చక్రం కేంద్రం ఎత్తులో ముందు వైపు ఒక కొలత, వెనక వైపు ఒక కొలత. ముందు కొలత వెనకదాని కంటే నాలుగు మిల్లీమీటర్లు తక్కువ వచ్చేలా టై రాడ్ తిప్పాం. టైరు గాలి 36 నుంచి 28కి దించాను.

డ్యాంపర్ పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. డ్యాంపర్ లేకుండా నిలబడితేనే బండి నయమైనట్టు.

శనివారం తెల్లవారుజామున అయిదున్నరకు, రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు, ఆ కల్వర్టు దగ్గరికే వెళ్లాను. ఒక్కణ్నే వెళ్దామనుకున్నాను. బాపు చెప్పులేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు, దిగమంటే దిగలేదు. మొదట నలభైలో దాటించాను. టక్. యాభైలో. టక్. వెనక్కి తిప్పుకొచ్చి అరవైలో. బాపు అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు, షెడ్డులో ఇంజన్ మీద చెయ్యి పెట్టి వినేవాడట అలా. చివరికి డెబ్భై. నా బొటనవేళ్లు రెండూ స్టీరింగ్ పుల్లలకు బయటే ఉంచాను. మెట్టు తగిలింది. స్టీరింగ్ కుడికి ఒక్కసారి జరిగింది, వెనక్కి వచ్చింది, నిలబడింది.

బాపు కళ్లు తెరిచాడు. "ఒక్కపారి ఊగింది, సచ్చింది" అన్నాడు.

ఇంకో మూడుసార్లు దాటించి, అలాగే ములుగు దాకా వెళ్లి, గట్టమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి తిరిగొచ్చాం. మధ్యాహ్నం డ్యాంపర్ మళ్లీ బిగించాను. మా చిన్నది పాత బేరింగ్ కప్పు తన పెన్సిల్ డబ్బాలో దాచుకుంది, ఆ గీతల మీద గోరు పెట్టి గరగరా రాస్తూ ఉంటుంది. కమాన్లు విప్పి బిగించాక వంద కిలోమీటర్లు తిరిగితే వాటిని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు ఇంకోసారి బిగించుకోవాలి. నిన్నటికి ఆ వంద దాటింది. రేపు పొద్దున ఉస్తాద్ షెడ్డుకి పోవాలి.